కణం రెండు కాకముందే గోడకు ముగ్గు పోసేది ఎవరు?

వేరుకొస (మలక్‌పేట), శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు బోటనీ ట్యూషన్ చెబుతాను. ఈ వారం సమవిభజన పాఠం, అంటే ఒక కణం రెండయ్యే తీరు. బోర్డు మీద దశలన్నీ వరసగా వేశాను. క్రోమోజోములు మధ్యకు చేరడం, కండె తంతువులు వాటిని చెరో కొసకూ లాగడం, రెండు కేంద్రకాలు ఏర్పడటం, ఆఖర్న మధ్యలో అడ్డంగా ఒక గీత. "ఇది కణఫలకం, ఇదే తర్వాత గోడ అవుతుంది" అని చాక్‌పీస్ కింద పెట్టేశాను. ముందు వరసలో కూర్చునే అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, గీత అడ్డంగానే ఎందుకు వేశారు? నిలువుగా రాదా? ఎక్కడ కట్టాలో కణానికి ఎవరు చెప్తారు?"

కండె నిలువుగా ఉంటుంది కాబట్టి గోడ దానికి అడ్డంగా వస్తుందని చెప్పాను. పిల్ల తలూపింది కానీ నాకే తృప్తి లేదు. మరి కండెకు ఎవరు చెప్పారు?

ఇంటికొచ్చి మైక్రోస్కోప్ తీశాను. ఉల్లి వేరును నిలువుగా కోసిన పాత స్లైడ్ ఒకటి నా దగ్గరుంది. నలిపి చేసే స్లైడ్‌లో కణాలు చెల్లాచెదురవుతాయి, ఇందులో వరసలు చెదరకుండా ఉంటాయి. వేరు కొసలో కణాలు దండకు గుచ్చిన పూసల్లా ఒకదాని మీద ఒకటి. గోడలన్నీ అడ్డంగానే ఉన్నాయి. కానీ అక్కడక్కడా ఒక వరస కాస్తా రెండు వరసలైంది. అంటే అక్కడ ఏదో ఒక కణం నిలువుగా చీలింది. పక్క కణాలన్నీ అడ్డంగా చీలుతుంటే ఇదొక్కటే నిలువుగా ఎందుకు చీలింది?

ఇంకొకటి చూశాను, అది నన్ను ఇంకా పట్టి పీడిస్తోంది. వంకరగా, ఏటవాలుగా ఉన్న కండెలు చాలా కనిపించాయి. వంకర గోడ మాత్రం ఒక్కటీ కనిపించలేదు. ఫోన్‌తో తీసిన ఫొటో కింద పెడుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి. సోమవారం ఆ పిల్లకు సరైన జవాబు చెప్పాలి.

గచ్చిబౌలి_స్కాలర్, శుక్రవారం రాత్రి 11:05

మేడమ్, నమస్తే. మొక్కల కణాల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

మీరు ఆఖర్న చెప్పినదాంట్లోనే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబుంది. కండె వంకరగా ఉన్నా గోడ వంకరగా రావడం లేదంటే, గోడ చోటు కండె చేతిలో లేదన్నమాట. అది అంతకుముందే తేలిపోయింది.

ఎంత ముందంటే, మన పాఠం మొదలయ్యే ప్రథమదశ కంటే ముందే. క్రోమోజోములు ఇంకా కంటికి ఆనకముందే. మామూలు రోజుల్లో సూక్ష్మనాళికలు (ప్రొటీన్‌తో అయిన సన్నటి గొట్టాలు) కణం లోపలి అంచు అంతటా పరుచుకుని ఉంటాయి. విభజన దగ్గర పడేసరికి అవి ఒక్కచోటికి చేరి, కేంద్రకం ఉన్న ఎత్తులో కణం చుట్టూ మొలతాడులా బిగుసుకుంటాయి. దీన్ని ప్రీప్రోఫేజ్ బ్యాండ్ అంటారు, పట్టీ అందాం. 1966లో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అనే ఇద్దరు గోధుమ కణాల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసి దీని గురించి రాశారు. మొలతాడు ఎక్కడ ఉందో, విభజన ముగిసేసరికి కొత్త గోడ అంచు వెళ్లి పాత గోడకు అక్కడే అతుక్కుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. గోడ కట్టే వేళకు ఆ పట్టీ ఉండదు. కేంద్రకం చుట్టూ ఉన్న పొర చిట్లేసరికి అది విడిపోయి మాయమవుతుంది. తర్వాత కండె పని, క్రోమోజోముల పంపకం, అన్నీ జరుగుతాయి. అవన్నీ అయ్యాక రెండు కొత్త కేంద్రకాల మధ్య ఫ్రాగ్మోప్లాస్ట్ తయారవుతుంది. ఇదీ సూక్ష్మనాళికలతోనే. దీని వెంట గాల్జీ (కణంలో సరుకు మూటకట్టి పంపే భాగం) నుంచి చిన్న చిన్న తిత్తులు గోడ సామాను మోసుకొచ్చి మధ్యలో దించుతాయి. తిత్తులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి పలచటి పళ్లెంలా అవుతాయి. అదే మీరు వేసిన గీత. జంతు కణం బయటి నుంచి లోపలికి నొక్కుకుంటూ తెగుతుంది. మొక్క కణం లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ పోతుంది. ఆ పళ్లెం అంచు పెరుగుతూ పెరుగుతూ మాయమైపోయిన పట్టీ చోటికే వెళ్లి ఆగుతుంది. మొదట్లో ఏటవాలుగా ఉన్నా దారిలో తిరిగి సర్దుకుంటుంది. మీ స్లైడ్‌లో వంకర కండెలు ఉండి వంకర గోడలు లేకపోవడానికి కారణం అదే.

మన పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఈ పట్టీ ఉండదు. నా మట్టుకు నాకు మొక్కల కణవిభజనలో మొదటి బొమ్మ అదే కావాలి.

ఉప్పల్_మేస్త్రీ, శనివారం ఉదయం 6:50

అక్కా, నాకు బోటనీ రాదు. ఉప్పల్ వైపు ఇళ్ల సైట్లు చూస్తుంటాను. పొద్దున్నే సైట్‌కు పోయే ముందు ఇది చదివాను, అడగకుండా ఉండలేకపోతున్నాను.

మేం ఇల్లు మొదలుపెట్టేటప్పుడు గూటాలు పాతి, దారం లాగి, దాని వెంట ముగ్గు పోస్తాం. జేసీబీ వచ్చి తవ్వితే ముగ్గు పోతుంది. ముగ్గు పోయినా గోడ అదే లైన్‌లో లేస్తుంది. ఎందుకంటే గూటాలు గుంతకు అవతల, జేసీబీ తగలని చోట ఉంటాయి. కావాలన్నప్పుడు వాటికి మళ్లీ దారం కడతాం. గూటం పీకేసిన సైట్‌లో మాత్రం గోడ కచ్చితంగా పక్కకు పోతుంది, నేను చూశాను. మీరు చెప్పే పట్టీ మా ముగ్గులాగే ఉంది. మరి కణంలో గూటాలేవి?

ఇంకో మాట. అక్క పెట్టిన ఫొటోను పెద్దగా చేసి చూశాను. ఒక వరసలో అడ్డగోడ ఉన్న చోట పక్క వరసలో అడ్డగోడ లేదు, కాస్త పైకో కిందికో ఉంది. మేం ఇటుక కట్టేటప్పుడు జాయింట్ మీద జాయింట్ రానివ్వం. వస్తే అక్కడే పగులు ఇస్తుంది. వేరుకు ఈ కట్టుబడి ఎవరు నేర్పారు?

గచ్చిబౌలి_స్కాలర్, శనివారం ఉదయం 10:20

అన్నా, మీరు అడిగిన గూటాల కోసం ఈ రంగంలో చాలా ఏళ్లు వెతికారు. దొరికినవాటిలో మొదటిది మొక్కజొన్నలో. టాంగిల్డ్ అనే జన్యువు చెడిపోయిన మొక్కజొన్నలో గోడలు ఇష్టమొచ్చినట్టు వంకరగా వస్తాయి. 1996లో లారీ స్మిత్ బృందం దాని గురించి రాసింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పట్టీ ఉన్నప్పుడే అక్కడికి చేరుతుంది. పట్టీ పోయినా అది పోదు. గోడ వచ్చి అతుక్కునేదాకా కణం పొర దగ్గర సన్నటి వలయంలా కాపలా ఉంటుంది. దానికి తోడుగా పోక్ అనే రెండు కైనెసిన్ ప్రొటీన్లు (సూక్ష్మనాళికలను పట్టుకుని పనిచేసేవి) ఉంటాయి. ఈ రెండు పోక్‌లూ లేని మొక్కల్లో పట్టీ బాగానే ఏర్పడుతుంది, కానీ పళ్లెం దాన్ని అందుకోలేక ఎటో వెళ్లిపోతుంది. మీ మాటలో చెప్పాలంటే ముగ్గు పోశారు, గూటాలు లేవు.

ఇటుకల సంగతి కూడా నిజం. నాలుగు గోడలు ఒకే మూల దగ్గర కలవడం మొక్క కణాల్లో అరుదు. కొత్త గోడ దాదాపు ఎప్పుడూ పక్క కణం గోడ తగిలే మూలను తప్పించుకుని కాస్త జరిగి కూర్చుంటుంది, కాబట్టి మూడేసి గోడలే కలుస్తాయి. మధ్యలో పెద్ద రిక్తిక (నీటి సంచి) ఉన్న కణాల్లో ఇది బాగా తెలుస్తుంది. కేంద్రకాన్ని మధ్యలో వేలాడదీసే కణద్రవ్యపు తీగలు విభజనకు ముందు ఒకే తలంలోకి చేరి రిక్తికకు అడ్డంగా తెరలా నిలుస్తాయి. ఆ తెర పక్క కణాల మూలలకు తగలకుండా చూసుకుంటుంది, గోడ ఆ తెర వెంటే వస్తుంది.

పాత_బోటనీ (నల్లకుంట), శనివారం మధ్యాహ్నం 3:15

డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యాను. అమ్మా, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న 1860ల నాటిది. అప్పటికి సూక్ష్మనాళిక అనే మాటే లేదు. అయినా పెద్దవాళ్లు మామూలు మైక్రోస్కోప్‌తో, పెన్సిల్‌తో చాలా దూరం వెళ్లారు.

1863లో హోఫ్‌మైస్టర్ చెప్పింది: కణం ఎటు ఎక్కువ పెరుగుతుందో దానికి అడ్డంగా కొత్త గోడ వస్తుంది. మీ ఉల్లి వేరు దీనికి చక్కటి ఉదాహరణ. వేరు పొడవుగా సాగుతుంది, గోడలు అడ్డంగా పడతాయి. 1878లో జాక్స్ అన్నాడు: కొత్త గోడ పాత గోడను లంబకోణంలో తాకుతుంది. 1888లో ఎర్రెరా ఇంకాస్త ముందుకెళ్లాడు. కొత్తగా పుట్టే గోడ సబ్బు నీటి పొరలా ప్రవర్తిస్తుందన్నాడు. సబ్బు పొరకు వీలైనంత తక్కువ వైశాల్యంలో నిలవాలని ఉంటుంది. కణం కూడా తనను రెండుగా చేసే గోడల్లో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకుంటుందని ఆయన లెక్క.

ఈ లెక్క పాతబడిపోయిందని మా రోజుల్లో పక్కన పెట్టేశారు. అది తొందరపాటని నా అభిప్రాయం. 2011లో బెస్సన్, డ్యూమే ఆ సబ్బు పొర లెక్కను మళ్లీ తీశారు. ఒకే ఆకారంలో ఉన్న రెండు కణాలు కూడా వేర్వేరుగా చీలుతుండటం గమనించారు. కణానికి ఒకే ఒక చిన్న దారి కాదు, నాలుగైదు దగ్గర దగ్గర పొడవున్న దారులు ఉంటాయి. వాటిలో బాగా చిన్నది తరచుగా వస్తుంది, కాస్త పెద్దది అప్పుడప్పుడు వస్తుంది. ఎంత తరచుగా అన్నది వాటి పొడవుల తేడాతో లెక్కకట్టవచ్చని చూపించారు. అంటే కణం ఆకారమే సగం జవాబు చెబుతుంది.

అందుకే స్కాలర్ గారి పట్టీని నేను కాదనను గానీ, దాన్నే యజమానిని చేయడం నాకు నచ్చదు. పట్టీ రాసేది రాస్తుంది. ఏం రాయాలో చెప్పేది కణం ఆకారం, అది పెరిగే దిక్కు, పక్కవాళ్ల ఒత్తిడి.

బాల్కనీ_తోట (కూకట్‌పల్లి), శనివారం సాయంత్రం 5:30

పక్కవాళ్ల ఒత్తిడి అంటే నిజంగా నొక్కడమేనా సార్? మొక్కకు అది తెలుస్తుందా?

పాత_బోటనీ, శనివారం సాయంత్రం 6:10

నిజంగా నొక్కడం, లాగడమేనమ్మా. ఒక్కో కణంలో నీటి పీడనం కారు టైరు గాలికంటే ఎక్కువ ఉంటుంది. అన్ని కణాలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకటి ఉబ్బితే పక్కది లాగబడుతుంది. 1984లో లింటిల్‌హాక్, వెసెకీ పెంచుతున్న కణజాలాన్ని ఒక పక్క నుంచి నొక్కి చూశారు, కొత్త గోడల దిక్కు ఆ ఒత్తిడిని బట్టి మారింది. 2008లో ఆమాన్ బృందం కాండం కొసలో సూక్ష్మనాళికలు ఎక్కువ లాగుడు ఉన్న దిక్కుకు సర్దుకుంటాయని చూపింది. సూక్ష్మనాళికలు సర్దుకున్నాయంటే తర్వాత వచ్చే పట్టీ కూడా ఆ మాట వింటుంది.

మీరు తోట పెంచుతారు కాబట్టి ఇంకొకటి చెబుతాను. అంటు కట్టిన కొమ్మను ఎప్పుడైనా గమనించారా? కోత పడిన చోట బతికి ఉన్న కణాలు మామూలుగా చీలే దిక్కు మానేసి, గాయానికి సమాంతరంగా గోడలు కట్టడం మొదలుపెడతాయి. పక్కన ఉన్న కణం చచ్చిపోయింది, అటువైపు ఆసరా పోయింది. ఆ సంగతి వాటికి తెలుస్తుంది.

వేరుకొస, శనివారం రాత్రి 8:45

సార్, స్కాలర్ గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం. అసలు పట్టీ లేకుండా మొక్క కణం చీలగలదా? చీలగలిగితే పట్టీ ఎందుకు?

గచ్చిబౌలి_స్కాలర్, శనివారం రాత్రి 11:30

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు చాలా థ్యాంక్స్ మేడమ్. ఇక్కడ నేను సార్ వైపు కొంత జరగాలి.

ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద మా రంగంలో ఎక్కువ పని జరుగుతుంది. అందులో ఫాస్ అనే జన్యువు చెడిపోతే పట్టీ అస్సలు ఏర్పడదు. మొక్క పొట్టిగా, లావుగా, గిడసబారి ఉంటుంది. కణాల గోడలు ఎటు పడితే అటు ఉంటాయి. అయినా ఆ మొక్కలో వేరు వేరులాగే ఉంది, ఆకు ఆకులాగే ఉంది, బయటి పొర బయటే, మధ్య నాళాలు మధ్యలోనే ఉన్నాయి. ఇది చాలామందికి మింగుడుపడలేదు.

కానీ ఫాస్ చెడితే మామూలు సూక్ష్మనాళికల అమరిక కూడా పాడవుతుంది. అందువల్ల తప్పు పట్టీది ఒక్కటేనా అని అనుమానం మిగిలింది. 2017లో పట్టీ మాత్రమే పోయి మిగతావన్నీ దాదాపు మామూలుగా ఉండే మొక్కల గురించి ఒక బృందం రాసింది. టీఆర్ఎమ్ అనే కుటుంబంలో మూడు జన్యువులు తీసేశారు. అలాంటి మొక్క బతికింది, పెరిగింది. గోడలు సుమారుగా సరైన దిక్కుకే వచ్చాయి. కచ్చితత్వం మాత్రం తగ్గింది. ఒకేలా ఉండాల్సిన కోణాలు అటూ ఇటూ ఊగాయి. కండెలు కూడా ఎక్కువగా ఊగాయి.

కాబట్టి నేను నిన్న రాసినదాన్ని ఇలా సరిచేసుకుంటాను. దిక్కు నిర్ణయించేది పట్టీ ఒక్కటే కాదు. తేలిన నిర్ణయం చెదిరిపోకుండా పట్టుకునేది పట్టీ.

టాంగిల్డ్ మొక్కజొన్న ఆకు సంగతి కూడా చెప్పాలి. కణాలు చిందరవందరగా ఉన్నా ఆకు చిన్నదైందే తప్ప ఆకారం మాత్రం దాదాపు సరిగ్గానే వచ్చింది. నాకు మొదట చదివినప్పుడు నిద్ర పట్టలేదు. ఇటుకలు వంకరగా పెట్టినా గోడ నిటారుగా లేచినట్టు.

ఉప్పల్_మేస్త్రీ, ఆదివారం ఉదయం 7:05

బండరాతి గోడ చూడండి తమ్ముడూ. రాళ్లు ఏ రెండూ ఒకేలా ఉండవు, గోడ మాత్రం దారానికి ఉంటుంది. దారం మొత్తం గోడకు కడతాం, ఒక్కో రాయికి కట్టం.

పాత_బోటనీ, ఆదివారం ఉదయం 9:00

మేస్త్రీ గారూ, మీరు ఇప్పుడు అన్నదాన్ని 1879లో డీ బారీ ఇంకోలా అన్నాడు: మొక్కే కణాలను చేస్తుంది, కణాలు మొక్కను చేయవు. దీని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. నేను మాత్రం రెండు వైపులా నిలబడతాను. ఆకు మొత్తం ఆకారానికి గోడల దిక్కు అంత ముఖ్యం కాకపోవచ్చు. ఒక కణం ఏమవ్వాలో తేల్చే విభజనల్లో మాత్రం గోడ ఒక్క వెంట్రుకవాసి జరిగినా కథ మారిపోతుంది.

పుప్పొడి రేణువు తీసుకోండి. దానిలో మొదటి విభజన సమానంగా జరగదు. ఒక పెద్ద కణం, ఒక చిన్న కణం. చిన్నదే తర్వాత పురుష బీజాలను ఇస్తుంది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహా, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను (పువ్వులోని పుప్పొడి సంచులను) గాజు సీసాల్లో పెంచితే పుప్పొడి నుంచి పిండాలు వచ్చాయి. ప్రపంచం అంతా ఆశ్చర్యపోయింది. అలా దారి మళ్లే పుప్పొడిలో చాలాసార్లు మొదటి విభజన సమానంగా జరగడం కనిపిస్తుంది. గోడ మధ్యలో పడింది, పుప్పొడి కావాల్సింది పిండం అయింది. మన దేశంలో జరిగిన ఈ పనిని ఆ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

పత్తిచేను (మాదాపూర్), ఆదివారం ఉదయం 11:40

నేను ఐటీలో పనిచేస్తాను, మాది నల్లగొండ వైపు. ఇది సంబంధం ఉందో లేదో తెలియదు. నాన్న ఏటా పత్తి గింజ పెట్టిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడిగా ఉండగానే పెండిమిథాలిన్ కొడతారు. గడ్డి మొలవదు. పోయిన వానాకాలం ఇంటికెళ్లినప్పుడు, అరకొరగా మొలిచి ఆగిపోయిన గడ్డి మొలకలు కొన్ని పీకి చూశాను. వేరు సన్నగా దిగాల్సింది పోయి, కొస దగ్గర గుండుసూది తలలా ఉబ్బి ఉంది. అగ్గిపుల్ల మందు కొస అనుకోండి. పక్కవేర్లు లేవు. నాన్న అది చూసి "మందు తిన్నది, వేరు మర్చిపోయింది" అన్నారు. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. ఇప్పుడు మీ చర్చ చదువుతుంటే ఆ వేరే కళ్ల ముందు కనబడుతోంది.

గచ్చిబౌలి_స్కాలర్, ఆదివారం మధ్యాహ్నం 1:15

సంబంధం పూర్తిగా ఉందన్నా. పెండిమిథాలిన్ మొక్కల సూక్ష్మనాళికలను కట్టుకోనివ్వదు. దాంతో మూడు పనులూ ఒకేసారి ఆగిపోతాయి. పట్టీ రాదు, కండె రాదు, ఫ్రాగ్మోప్లాస్ట్ రాదు. క్రోమోజోములు రెట్టింపయినా కణం రెండు కాలేదు.

ఉబ్బడానికి కారణం వేరే. మామూలుగా సూక్ష్మనాళికలు వేరు కణాల చుట్టూ అడ్డంగా ఉండి, సెల్యులోజ్ పోగులు కూడా అలాగే అడ్డంగా చుట్టుకునేలా చూస్తాయి. పీపాకు ఇనుప కట్లు వేసినట్టు. అందువల్ల కణానికి లావు కావడం కుదరదు, పొడవుగానే సాగుతుంది. కట్లు పోతే అన్ని వైపులా ఉబ్బుతుంది. మీరు చూసిన గుండుసూది తల అదే. నాన్నగారి మాటను మా ల్యాబ్‌లో చెబుతాను, మీకు అభ్యంతరం లేకపోతే.

కొల్చిసిన్ పని కూడా ఇలాంటిదే. అడవినాభి దుంపల్లో, గింజల్లో ఉండే విషం అది. దానితో క్రోమోజోములను రెట్టింపు చేసి, ఆ మొక్కను మామూలుదానితో కలిపి గింజలేని పుచ్చకాయ తీస్తారు.

బాల్కనీ_తోట, ఆదివారం మధ్యాహ్నం 2:00

గోడలు అసలు కట్టుకోకుండానే కేంద్రకాలు మాత్రం పెరిగే చోటు మొక్కలో ఏదైనా ఉందా? మందు కొట్టకుండా, మామూలుగా?

పాత_బోటనీ, ఆదివారం సాయంత్రం 4:30

రోజూ తాగుతుంటారమ్మా! కొబ్బరి బొండాం దగ్గర నిలబడితే "నీళ్లదా, మలైదా?" అని అడుగుతాడు చూడండి. ఆ రెండు మాటల మధ్యే మీ జవాబుంది.

కొబ్బరి నీళ్లు అంకురచ్ఛదం. అంటే లోపలి పిండానికి దాచిపెట్టిన తిండి. అందులో కేంద్రకాలు చీలుతూనే పోతాయి, మధ్యలో గోడలు రావు. లేత బొండాం నీళ్లలో స్వేచ్ఛగా తిరిగే కేంద్రకాలు బోలెడు. కాయ ముదిరేకొద్దీ చిప్ప అంచు నుంచి గోడలు కట్టుకోవడం మొదలవుతుంది. ముందు చెంచాతో గీకితే వచ్చే జిగురు పొర, తర్వాత మలై, ఆ తర్వాత పచ్చి కొబ్బరి. బొండాం రెండుగా కొట్టించి ఆ పొరను వేలితో తాకండి. కాయకు ఒక వైపు మందంగా, ఇంకో వైపు పలచగా ఉంటుంది. గోడ కట్టడం ఎంతవరకు వచ్చిందో మీ వేలికే తెలుస్తుంది. వరి గింజలోనూ మొదట ఇదే జరుగుతుంది.

ఇంకో విశేషం. అంకురచ్ఛదంలో ఈ గోడలు కట్టేటప్పుడు పట్టీ ఉండదు. ముందుగా గుర్తు పెట్టుకోవడానికి అక్కడ పాత గోడే లేదు. పక్కపక్క కేంద్రకాల నుంచి బయటికి చాచుకున్న సూక్ష్మనాళికలు ఎక్కడ ఎదురుపడితే అక్కడ గోడ లేస్తుంది. రెండు ఊళ్ల పొలిమేరలాగా.

గచ్చిబౌలి_స్కాలర్, ఆదివారం రాత్రి 9:20

వేరుకొస మేడమ్, రేపటి క్లాసుకు ఒక చిన్న పని చెబుతాను. పట్టీని మీ మైక్రోస్కోప్‌లో చూడలేరు. అసిటోకార్మిన్ రంగు క్రోమోజోములకు పడుతుంది, సూక్ష్మనాళికలకు పట్టదు. దానికి మెరిసే రంగులు, ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కావాలి. కానీ పట్టీ చేసిన పనిని మీరు చూడగలరు, అదీ మీ ఉల్లిలోనే.

ఉల్లి ఆకు మీద పత్రరంధ్రం తయారయ్యేటప్పుడు ఒక చిన్న తల్లి కణం నిలువుగా చీలి రెండు రక్షక కణాలవుతుంది. ఆ కణం చిన్నది, కండె దానిలో సరిగ్గా అడ్డంగా ఇమడదు, ఏటవాలుగా ఒరుగుతుంది. కణఫలకం కూడా ఏటవాలుగానే మొదలవుతుంది. పెరుగుతూ పెరుగుతూ తిరిగి నిలువుగా సర్దుకుంటుంది. 1974లో పాలెవిట్జ్, హెప్లర్ ఉల్లిలోనే ఇది చూసి రాశారు. ఇది తిరగకపోతే రంధ్రం సరిగ్గా తెరుచుకోదు, మొక్కకు ఊపిరాడదు. కాబట్టి సార్ అన్న వెంట్రుకవాసి మాట ఇక్కడా నిజం.

ఉల్లి గింజలు తడిగుడ్డలో మొలకెత్తించండి. తొలి ఆకు మోకాలు వంచినట్టు వంగి పైకొస్తుంది. దాని అడుగు భాగంలో, గింజకు దూరంగా వేరు వైపున, లేత పొర వలవండి. అక్కడే చీలుతున్న తల్లి కణాలు దొరుకుతాయి.

ఇంకొకటి. ఆ పొర మీద రెండు పత్రరంధ్రాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయేమో వెతకమనండి. దాదాపు దొరకవు. మధ్యలో కనీసం ఒక మామూలు కణం ఉంటుంది. అదీ గోడ ఎక్కడ పడాలో ముందే తేల్చుకోవడం వల్లే.

వేరుకొస, తర్వాతి వారం మంగళవారం రాత్రి 10:10

పోయిన సోమవారం క్లాసులో బోర్డు మీద మొదటి బొమ్మగా మొలతాడు వేశాను. తర్వాతే క్రోమోజోములు. మేస్త్రీ గారి ముగ్గు, గూటాలు చెప్పేసరికి పిల్లలు వెంటనే పట్టుకున్నారు. వాళ్లలో ఇద్దరి నాన్నలు సెంట్రింగ్ పని చేస్తారు. సబ్బు పొర కోసం తీగ వంచి, బకెట్‌లో సర్ఫ్ నీళ్లు కలిపి ముంచి చూపించాను.

ఉల్లి గింజలు మలక్‌పేటలోనే విత్తనాల కొట్టులో దొరికాయి. ఆ సోమవారమే నానబెట్టాను. ఇవాళ తొమ్మిదో రోజు. మోకాలు వంచిన మొలకలు నాలుగు తీసి, అడుగున బ్లేడుతో గాటు పెట్టి పట్టకారుతో పొర లాగాను. మొదటి మూడూ చిరిగిపోయాయి. నాలుగోది అరంగుళం కూడా లేదు, కానీ నిండుగా వచ్చింది. అసిటోకార్మిన్ చుక్క వేసి, మీద కవర్‌స్లిప్ పెట్టి ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన నోట్‌బుక్‌లో పక్కపక్కనే రెండు బొమ్మలు వేసింది. ఒకదానిలో చిన్న కణం, అందులో మూల నుంచి మూలకు ఒరిగిన రెండు ఎర్రటి క్రోమోజోముల గుంపులు. దాని పక్క కణంలో విభజన అయిపోయింది, మధ్యలో నిటారుగా సన్నటి గోడ. రెండు బొమ్మల మధ్య బాణం వేసి, బాణం కింద "తిరిగింది" అని రాసింది.

ఆ పేజీ ఫొటో, స్లైడ్ ఫొటో రెండూ కింద పెడుతున్నాను. స్కాలర్ గారూ, కణం సరైనదేనా చూసి చెప్పండి. ఫోకస్ కాస్త కుడివైపు జారింది.